నల్లగొండల కొన్న రేకు కూలర్: సెలవులు మొత్తం వాడినంక రాస్తున్న రివ్యూ

కూలర్ కొన్న రెండో రోజే సూపర్ కూలింగ్ అని రాసి ఐదు స్టార్లు కొట్టేస్తరు చానమంది, నేను మాత్రం పిల్లల సెలవులు అయిపోయినంకనే రాద్దామని ఆగిన. 2025 ఎండాకాలం, ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాక 49 రోజులు, ఇద్దరు పిల్లలు, ఒక కుట్టుమిషన్, ఒక్కటే హాలు, ఆ హాల్ల ఈ కూలర్. మేముండేది పై పోర్షన్, మధ్యాహ్నం రెండు దాటిందంటే స్లాబ్ పొయ్యి మీద పెనం లెక్క ఐతది, రాత్రి పదకొండింటికి గూడ గోడకు చెయ్యి పెడితే ఎచ్చగనే ఉంటది.

అసలు మార్చి 15న ఒంటిపూట బడులు షురూ అయినప్పుడే కొందామనుకున్నం. పన్నెండున్నరకు బడి ఇడిస్తే పిల్లలు ఇంటికొచ్చేసరికి మొఖాలు కందిపోయి ఉండేవి, అన్నం తినరు, నీళ్లు తాగి ఫ్యాన్ కింద బండల మీద పడుకునేటోళ్లు. ఏసీ తీసుకుందాం అన్నడు మా ఆయన, ఈఎంఐల ఇస్తరట అని. నేను కరెంటు బిల్లు తీసి ముందట పెట్టిన. మాకు సర్కారు గృహజ్యోతి స్కీంల జీరో బిల్లు ఒస్తది, 200 యూనిట్ల లోపు ఉంటేనే అది, దాటితే మొత్తం మనమే కట్టుకోవాలె. మాకు మామూలుగనే 110 దాక కాలుతది, మిషన్ మోటర్ ఉంది గదా. ఏసీ గంటకు యూనిటో యూనిటున్నరో తాగుతది, రోజుకు ఎనిమిది గంటలేస్తే పది రోజులల్లనే మన జీరో బిల్లు గోవిందా. ఈ కూలర్ 180 వాట్లు, రోజుకు 14 గంటలేసినా రెండున్నర యూనిట్లు, నెలకు 75. అన్నీ కలిపినా 185. ఆ లెక్క సూశినంక ఆయన ఇగ ఏం మాట్లాడలె.

ప్లాస్టిక్ బాడీ కంపెనీ కూలర్లు గూడ చూసినం, సన్నగ పొడుగ్గ మంచిగనే ఉన్నయ్ గానీ గాలి ఒక్క మనిషికే తగులుతది, మా ఇంట్ల నలుగురం. అందుకని ప్రకాశం బజార్ దిక్కు తిరిగి తిరిగి ఒక షాపుల రేకు డబ్బా కూలర్ తీసుకున్నం. షాపు పేరు రాయను, ఎందుకో కిందికి పోతే మీకే అర్థమైతది. 18 అంగుళాల ఫ్యాను, మూడు దిక్కుల గడ్డి, 60 లీటర్ల నీళ్లు పడతయన్నడు. 7,500 చెప్పిండు, చక్రాల స్టాండ్‌తో కలిపి 6,600కు ఇచ్చిండు, ఆటో 150 మాదే. సరిగ్గ ఏప్రిల్ 23, పిల్లలకు ప్రోగ్రెస్ కార్డులిచ్చిన రోజే తెచ్చినం. మావోడు మూడో తరగతి, కార్డు చూపియ్యకుండ కూలర్ అట్టపెట్టె చింపుట్లనే పొద్దుమూకిచ్చిండు, రాత్రి పండుకునేముందు మెల్లగ తెచ్చిచ్చిండు. మ్యాథ్స్‌ల ఎన్నొచ్చినయో ఇక్కడ రాస్తే ఊకోడు.

కూలింగ్ సంగతి. ఏప్రిల్ చివర, మే మొదట, పొడి ఎండలల్ల దీనికి పేరు పెట్టనీకి లేదు. గడ్డి తడిసి గాలి దాని గుండా ఒస్తే నీళ్లు ఆవిరై పోవుకుంట గాలిల వేడి తీస్కపోతయ్, మన కుండల నీళ్లు సల్లబడ్డట్టే. అందుకే దీన్ని కిటికీ కాడ పెట్టి ఎనక నుంచి బయటి గాలి గుంజేటట్టు చెయ్యాలె, ఎదురుంగ ఇంకో కిటికో తలుపో జెర తీసి ఉంచాలె. మొదటి రెండు రోజులు మేం అన్నీ మూసి పెట్టి ఏసీ లెక్క వాడినం, రాత్రికి గదంతా చెమ్మ, దుప్పట్లు తడితడి, పిల్లలు చిరచిర. తలుపు కొంచెం తీశి పెడితే అదే కూలర్ వేరే కూలర్ అయింది. ఈ మాట షాపాయన ఒక్కసారన్న చెప్పొచ్చు గదా, చెప్పలె.

ఇగ నీళ్లు. రోజుకు ఐదారు బకెట్లు తాగుతది ఇది. మా పిల్లలిద్దరికి వంతులు పెట్టిన, పొద్దుగాల బిడ్డ, మాపటికి కొడుకు, గోడ మీద కాగితం అంటించి టిక్కు పెట్టుమన్న. బిడ్డ ఏడో తరగతి, మూడో రోజుకే తమ్ముని టిక్కులన్నీ దొంగ టిక్కులని పంచాయితి పెట్టింది. పెద్ద కష్టమేందంటే లోపల నీళ్లు ఎన్నున్నయో బయటికి తెల్వనే తెల్వదు, గీత లేదు గ్లాసు లేదు, పక్కన చిన్న రేకు మూత తీసి వంగి సూడాలె. నీళ్లైపోతే పంపు ఉత్తగ తిరుగుతది, అట్ల తిరిగితే కాలిపోతది. నీళ్లెన్ని ఉన్నయో సూసే డ్యూటీ కొడుకు తీసుకున్నడు, గంట గంటకు "మమ్మీ, జానెడున్నయ్" "మమ్మీ, బెత్తెడే" అని ఖబర్లు. ఎట్ల కొలుస్తుండో నేను అడగలె, మే నెల పెళ్లిళ్ల జాకెట్లు మెడ మీద కూసున్నయ్ నాకు.

బోరునీళ్లు పొయ్యకుండ్రి. నల్లగొండ బోరునీళ్ల సంగతి ఎవలికి చెప్పాలె, మా అమ్మగారిది మర్రిగూడ దిక్కు, మా అమ్మ నవ్వితే పండ్ల మీద గారలే చెప్తయ్ ఫ్లోరైడ్ కథ. మా బోరుల ఉప్పు గూడ బాగ. మేం వారం రోజులు పోశినం, గడ్డి మీద తెల్లగ పొక్కు కట్టింది, పైన నీళ్లు పడే రంధ్రాలు సగం మూసుకపోయినయ్, ఒకపక్క గడ్డి తడి, ఒకపక్క ఎండు, ఎండు పక్క నుంచి ఉడుకు గాలి. పిన్నీసుతోని రంధ్రాలు పొడిశి, ఆ తర్వాత నుంచి నల్లా నీళ్లే పోస్తున్నం. నల్లా ఒచ్చే టైంకు డ్రమ్ము పట్టుకోవాలె, అదొక్కటే.

నేను టైలర్‌ని కాబట్టి ఇది నాలాంటోళ్ల కోసం రాస్తున్న. కూలర్ ముందట మిషన్ పెట్టొద్దు. హై మీద పెడితే కట్ చేసిన లైనింగ్ ముక్కలు లేశి వంటింట్లకు పోతయ్. అది సరే, బరువు పెట్టుకుంటం. అసలు బాధ తుంపర్లు. మే మొదటి వారంల ఒక పట్టు జాకెట్ మీద ఐదారు నీటి చుక్కలు పడి మచ్చలైనయ్, పెళ్లికూతురు చిన్నమ్మది, గుండె ఆగినంత పనైంది. అదే బట్ట కొంగుకు దాచిన ముక్క ఉంటే చెయ్యి మార్చి కుట్టిచ్చిన, రాత్రి రెండైంది. షాపుకు ఫోన్ చేస్తే "రేపొస్త అమ్మా" అన్నడు, నాలుగు రోజులు అదే రేపు. ఐదో రోజు ఫోన్ ఎత్తుడే బంద్ చేశిండు.

మా మరిది ఎలక్ట్రిక్ పని చేస్తడు, ఆఖరికి ఆయన ఒచ్చి సూశిండు. గడ్డి ఒకదిక్కు పల్చగ నింపిండ్రట, నీళ్లు గడ్డిని దాటి ఫ్యాను రెక్కలకు తగులుతున్నయట. గడ్డి సర్ది, పంపు పైపుకు చిన్న క్లిప్పు పెట్టి నీళ్లు తగ్గిచ్చిండు, తుంపర్లు బంద్. పోబోతా ప్లగ్గు దిక్కు సూశి ఆగిపోయిండు.

"వదినె, ఇదేంది, రెండు పిన్నులే ఉన్నయ్?"

"షాపోళ్లు ఇచ్చిందే అది."

టెస్టర్ రేకుకు పెడితే లైట్ వెలిగింది. నా కొడుకు తడి కాళ్లతోని, చెప్పుల్లేకుండ, రోజుకు ఇరవై సార్లు ఆ మూత తెరుస్తుండె. రేకు కూలర్ షాక్ కొట్టి మనుషులు పోయిన వార్తలు ప్రతి ఎండాకాలం పేపర్ల సూస్తనే ఉంటం, అది మన ఇంట్ల గాదులే అనుకుంటం. మరిది అప్పటికప్పుడు మూడు పిన్నుల ప్లగ్గు తెచ్చి, బాడీకి ఎర్త్ వైర్ బిగించి, మా సాకెట్‌ల ఎర్తింగ్ ఉందో లేదో గూడ సూశి పోయిండు, ఖర్చు 220 రూపాలు. 6,600 తీసుకున్నోడు ఆ 220 కాడ కక్కుర్తి పడ్డడు. అందుకే స్టార్లు కోసేది నేను కూలర్‌కు కాదు, షాపుకు. మీరు ఎక్కడ కొన్నా ప్లగ్గు మూడు పిన్నులది ఉందా, బాడీకి ఎర్త్ వైర్ కలిపిండ్రా అని అక్కడనే సూడుండ్రి, నీళ్లు పోశేటప్పుడు స్విచ్ బంద్ చేసుడు కాదు, ప్లగ్గు పీకేయాలె. మా ఇంట్ల గోడ కాగితం మీద టిక్కులు పోయి ఇప్పుడు ఆ ఒక్క ముచ్చటే రాసి ఉంది, బిడ్డ ఎర్ర స్కెచ్‌తోని రాసింది.

కూలర్ ఒచ్చినంక ఇంట్ల మారిందేందంటే అందరం ఒక్క కాడికి ఒచ్చినం. మంచికా చెడ్డకా చెప్పలేను. మధ్యాహ్నం పన్నెండు నుంచి అయిదు దాక నలుగురికి అదే హాలు, ఒకరి మీద ఒకరు. గాలి ఎవలికి నేరుగ తగలాలె అని రోజు లొల్లి, ఆఖరికి నా మార్కింగ్ చాక్‌తోని బండల మీద గీత గీశిన, ఇటు అక్క, అటు తమ్ముడు. గీత మీద కాలు పెడితే ఒక బకెట్ ఎక్కువ పొయ్యాలె. వాడు ఫ్యాను ముందట నోరు పెట్టి "ఆఆఆ" అని గొంతు వణికిచ్చుడు, బిడ్డ జాలి ముందట మామిడికాయ ముక్కలు ఆరబెట్టుడు. తొక్కుకు గోసిన ముక్కలే అవి, కూలర్ గాలికి ఆరకపోంగ ఇంక తడిశినయ్, అన్నీ మళ్ల మిద్దె మీదికి మోసిన.

నాగార్జునసాగర్ డ్యాం కాడికి తీస్కపో అని ఇద్దరు ఒకటే పోరు. 26 గేట్లు ఎత్తినప్పుడు పోదాం, ఇప్పుడు పోతే ఎండ తప్ప ఏముంటది అని ఆపినం. దానికి బదులు ఒకరోజు పొద్దుగాల్నే పానగల్లు ఛాయా సోమేశ్వర గుడికి పోయినం, లోపల రాతి మీద కూసుంటే ఏ కూలర్ పనికి రాదు, అంత సల్లగుంది. లింగం ఎనక పొద్దంత పడే ఆ నీడ ఏ స్తంభానిదో కనిపెడతా అని బిడ్డ గంటసేపు చెయ్యి అడ్డం పెట్టి తిరిగింది. మా అమ్మగారింటి కాడ పది రోజులున్నరు పిల్లలు, తాటిముంజలు తిని, ఆ కాయలతోని బండి చేసుకొని ఎండల ఉరికి ఉరికి నల్లగై ఒచ్చిండ్రు. అక్కడ కూలర్ లేదు, ఒక్కసారి గూడ అడగలేదంట. ఇంటికొచ్చి బ్యాగ్ కింద పెట్టకముందే "మమ్మీ, కూలర్ ఎయ్యి".

ఆ పది రోజుల ముందే నా మిషన్ బాబిన్ కేసు, కింది దారం కండె పెట్టే చిన్న ఇనుప డబ్బి, పోయింది. ఇల్లంత ఎతికిన, దొరకలె. బిడ్డ బొమ్మకు గౌను కుడతా అని మిషన్ ముట్టుకుంటది కాబట్టి దాన్నే తిట్టిన, బాగనే తిట్టిన, అది రెండు పూటలు మాట్లాడలె. కొత్తది కొనుక్కున్న.

ఇంకొకటి, వాన పడితే ఈ కూలర్ అక్కరకు రాదు. రోహిణి కార్తెల రోళ్లు పగులుతయంటరు గదా, ఆ ఏడాది కార్తె మొదలైతుండంగనే మబ్బులు, రుతుపవనాలు మే 24నే కేరళకు ఒచ్చేసినయ్, మామూలుగ జూన్ 1 అంటరు. గాలిల తేమ పెరిగితే నీళ్లు ఆవిరి కావు, గది సల్లబడదు, ఒళ్లంత జిగట, గడ్డి ముక్కిన వాసన ఒకటి. అప్పుడు పంపు బంద్ చేసి ఉత్త ఫ్యాన్ లెక్క వాడుకోవాలె. అంటే 6,600 పెట్టిన కూలర్ పూర్తిగ పని చేసింది నెల రోజులే. నీళ్లు గూడ వారానికోసారి మొత్తం ఇడిశి కడుగాలె, లేకుంటే దోమలు అండ్లనే పుడతయ్.

కొనాల్నా అంటే, పొడి ఎండల, కిటికీ ఉన్న హాలుకు, నల్లా నీళ్లు ఉంటే, ఎర్తింగ్ మీరు చేపిచ్చుకుంటే, కొనుండ్రి. కూలర్‌కు నాలుగు స్టార్లు, షాపుకు ఒకటి, అది గూడ బేరం ఆడనిచ్చినందుకు. మే నెల మీటర్ 171 యూనిట్లు చూపిచ్చింది, బిల్లు జీరో.

జూన్ 12న పిల్లలను బడికి తోలి, మరుసటి రోజు కూలర్ ఇప్పిన. పాత గడ్డి పడేశి, నీళ్లు ఇడిశి, అడుగున చెయ్యి పెట్టి బురద తీస్తుంటే సబ్బుముక్క, రెండు చింతగింజలు, ఒక రబ్బరు, ఇంక చేతికి దారం తగిలింది. గుంజితే నా బాబిన్ కేసు, మొత్తం తుప్పు. దారానికి జానెడు జానెడుకు ముడులేసి ఉన్నయ్. సాయంత్రం బిడ్డ ఒచ్చేసరికి ముంజలు కొనుక్కొచ్చి పెట్టిన, ఎందుకో చెప్పలె. అది తినుకుంట బాబిన్ కేసు దిక్కు సూశింది, తమ్ముని దిక్కు సూశింది, ఒక్క ముంజ గూడ వానికి ఇయ్యలె.