స్కూటరా, గేర్ల బండా? నెల ఖర్చులో ఏది మేలు?

పోయిన నెల మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, బండి కొందామనుకుంటున్నా. స్కూటర్ తీసుకోమంటావా, బైక్ తీసుకోమంటావా? దేనికి ఖర్చు తక్కువ?" అని అడిగాడు. అతను ఉండేది సూర్యాపేటలో, పాఠాలు చెప్పేది 22 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరి బడిలో. నేను వెంటనే జవాబు చెప్పలేదు. రోజుకి ఎంత తిరుగుతావు, ఇంట్లో ఇంకెవరు నడుపుతారు, దారిలో గతుకుల రోడ్డు ఎంత ఉంది అని ఎదురు అడిగాను. ఇవి తెలుసుకోకుండా ఏది మేలో చెప్పేస్తే అది సలహా కాదు, సొంత ఇష్టం చెప్పుకోవడం.

మా ఇంట్లో రెండూ ఉన్నాయి. నాది స్ప్లెండర్, మా ఆవిడది యాక్టివా. రెండింటి ఖర్చూ ఒకే నోటుబుక్కులో రాసే అలవాటు ఉంది కాబట్టి ఈ లెక్క కొంచెం ధైర్యంగా చెప్పగలను. ఇక్కడ పోల్చేది 110 సీసీ స్కూటర్‌నీ, 100 సీసీ బైక్‌నీ. బుల్లెట్లు, 150 సీసీ దాటిన బళ్ల లెక్క వేరు.

ముందు పెట్రోలు సంగతి. ఖర్చులో పెద్ద వాటా దీనిదే. కంపెనీ చెప్పే మైలేజీ పక్కన పెట్టండి. మా బళ్లకి నేను ఫుల్ ట్యాంక్ కొట్టించి, మీటరు రాసుకుని, మళ్లీ ఫుల్ ట్యాంక్ కొట్టించి చూస్తే వచ్చింది ఇది: స్కూటర్‌కి లీటరుకి 45 కిలోమీటర్లు, బైక్‌కి 60. ట్రాఫిక్‌ని బట్టి, నడిపే తీరుని బట్టి రెండూ అటూ ఇటూ అవుతాయి కానీ వాటి మధ్య తేడా మాత్రం అలాగే ఉంటుంది. పెట్రోలు లీటరు 108 రూపాయలు అనుకుని లెక్క కడదాం.

రోజుకి 12 కిలోమీటర్లు, నెలకి 25 రోజులు తిరిగితే: స్కూటర్‌కి 720 రూపాయలు, బైక్‌కి 540. తేడా 180.
రోజుకి 40 కిలోమీటర్లు తిరిగితే: స్కూటర్‌కి 2,400, బైక్‌కి 1,800. తేడా 600.
రోజుకి 70 కిలోమీటర్లు తిరిగితే: స్కూటర్‌కి 4,200, బైక్‌కి 3,150. తేడా 1,050.

మొదటి వరసలో ఉన్నవాళ్లు పెట్రోలు గురించి టెన్షన్ పడక్కర్లేదు. నెలకి 180 రూపాయల కోసం ఇంట్లో ఇంకొకరు నడపలేని బండి కొనుక్కోవడం తెలివైన పని కాదు. చివరి వరసలో ఉన్నవాళ్లకి మాత్రం ఏడాదికి 12,600 రూపాయల తేడా. అయిదేళ్లలో అది 63,000. కొత్త బండి ధరలో చాలా భాగం వచ్చేస్తుంది.

ఈ తేడా ఎందుకొస్తుందో తెలిస్తే మిగతా ఖర్చులు కూడా అర్థమవుతాయి. స్ప్లెండర్ ఇంజన్ 97.2 సీసీ, యాక్టివాది 109.51 సీసీ. ఇంజన్ల మధ్య తేడా కొంచెమే. అసలు తేడా ఇంజన్ నుంచి వెనక చక్రానికి శక్తి చేరే దారిలో ఉంది. బైక్‌లో గేర్లు, చైన్ ఉంటాయి. ఇనుము ఇనుముని లాగుతుంది కాబట్టి దారిలో నష్టం తక్కువ. స్కూటర్‌లో రెండు పుల్లీల మధ్య రబ్బరు బెల్టు తిరుగుతుంది. వేగాన్ని బట్టి ఆ పుల్లీలు వెడల్పవుతూ, సన్నబడుతూ ఉంటాయి. మనకి గేర్లు మార్చే పని తప్పుతుంది కానీ బెల్టు జారడంలో, వేడెక్కడంలో కొంత శక్తి పోతుంది. పైగా స్కూటర్ ఇంజన్ కవర్ల లోపల ఉంటుంది. గాలి నేరుగా తగలదు. దాన్ని చల్లబరచడానికి ఒక ఫ్యాన్ తిరుగుతూ ఉండాలి. ఆ ఫ్యాన్ తిరిగేది కూడా మన పెట్రోలుతోనే.

చక్రాల సైజు ఇంకో కారణం. యాక్టివా వెనక టైరు పది అంగుళాల రిమ్ముది. టైరు కొలతతో లెక్క కట్టి చూశాను. కిలోమీటరు దూరానికి అది దాదాపు 730 చుట్లు తిరుగుతుంది. 18 అంగుళాల స్ప్లెండర్ టైరు అదే దూరం దాదాపు 515 చుట్లలో పోతుంది. అందుకే స్కూటర్ వెనక టైరు తొందరగా అరుగుతుంది. మా యాక్టివాకి 20,000 కిలోమీటర్లు దాటేలోపే వెనక టైరు మార్చాల్సి వచ్చింది. నా బైక్ వెనక టైరు 30,000 దాటి నడిచింది. టైరు ధర విడిగా చూస్తే చిన్నదే చవక. కానీ కిలోమీటర్లకి పంచి చూస్తే ఆ చవక పోతుంది. జూపిటర్ లాంటి స్కూటర్లలో వెనక కూడా 12 అంగుళాల చక్రమే వస్తోంది. ఆ మేరకు అవి నయం.

ఇక రిపేర్లు. "స్కూటర్‌కి మెయింటెనెన్స్ ఏం ఉండదు, చైన్ లేదు, క్లచ్ లేదు" అని చాలామంది అంటారు. ఆ మాట నమ్మే నేను మోసపోయాను. క్లచ్ లివరు లేదు కానీ క్లచ్ ఉంది. చైన్ లేదు కానీ బెల్టు ఉంది. కవరు లోపల ఉండేసరికి మన కంటికి కనబడదు. అంతే.

యాక్టివా 27,000 దాటాక ఒకరోజు మా ఆవిడ బాబుని ట్యూషన్ నుంచి తీసుకొస్తుంటే నడిరోడ్డు మీద బండి ఆగింది. ఇంజన్ ఆన్‌లోనే ఉంది, యాక్సిలరేటర్ ఇస్తే అరుస్తోంది, చక్రం మాత్రం కదలదు. బెల్టు తెగింది. రాత్రి ఎనిమిదింటికి ఇద్దరూ కిలోమీటరున్నర తోసుకుంటూ వచ్చారు. అంతకు రెండు నెలల ముందే సర్వీసింగ్ చేయించాను. సర్వీసింగ్ చేసినవాళ్లు బెల్టు కవరు విప్పి చూడనే లేదని తర్వాత తెలిసింది. ఆ రాత్రి బాధ నాకిప్పటికీ గుర్తే. అందుకే స్కూటర్ ఉన్న ప్రతి ఒక్కరికీ చెబుతుంటాను: 20,000 దాటితే కవరు విప్పించి బెల్టు మీద పగుళ్లు ఉన్నాయేమో చూడండి, 24,000 లేదా 25,000 దగ్గర ఏమీ చూడకుండా మార్చేయండి. బెల్టూ, దాంతోపాటు పుల్లీ లోపల దాన్ని కదిలించే రోలర్లూ, కూలీ కలిపి మాకు దాదాపు 1,500 అయింది. సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు బండి వణుకుతుంటే క్లచ్ షూలు, అంటే స్కూటర్ క్లచ్‌లో అరిగే ముక్కలు, కూడా పోయినట్టే. దానికి ఇంకో 1,500 దాకా పెట్టుకోవాలి.

బైక్‌లో దీనికి సరిసమానమైనది చైన్ సెట్. చైన్, ముందు పన్ను చక్రం, వెనక పన్ను చక్రం మూడూ కలిపి మార్చాలి. చైన్ ఒక్కటే మారిస్తే అరిగిన పళ్లు కొత్త చైన్‌ని కూడా తినేస్తాయి. దీనికీ 25,000 దగ్గరే సమయం వస్తుంది, ఖర్చూ 1,500 లోపే. కాబట్టి డబ్బు పరంగా బెల్టుకీ చైన్‌కీ పెద్ద తేడా లేదు. తేడా ఎక్కడంటే, చైన్ ముందే చెబుతుంది. వదులైతే కవరుకి తగిలి చప్పుడు చేస్తుంది. బిగిస్తే ఇంకొన్నాళ్లు వస్తుంది. నెలకోసారి తుడిచి నూనె పెడితే ఇంకా ఎక్కువ కాలం వస్తుంది. బెల్టు చాలాసార్లు ఏమీ చెప్పదు. క్లచ్ ప్లేట్లు మాత్రం బైక్‌కి అదనపు ఖర్చు. ఎప్పుడూ సగం క్లచ్ పట్టుకుని నడిపేవాళ్లకి అది తొందరగా వస్తుంది.

బ్రేకుల్లో స్కూటర్ ఖర్చు ఎక్కువ. బైక్‌లో గేరు తగ్గిస్తే ఇంజనే బండిని ఆపుతుంది. స్కూటర్‌లో ఆ సాయం తక్కువ కాబట్టి భారమంతా బ్రేక్ లైనర్ల మీదే పడుతుంది. అదృష్టవశాత్తు లైనర్లు ఖరీదైనవి కావు.

ఇంజన్ ఆయిల్ దగ్గర పెద్దగా తేడా లేదు. స్కూటర్‌కి కాస్త తక్కువ పడుతుంది, కానీ వెనక చక్రం దగ్గర గేర్ ఆయిల్ అని వేరే కొంచెం పోయాలి. చాలామంది మెకానిక్‌లు దాన్ని మర్చిపోతారు, మీరే అడగండి. ఒక జాగ్రత్త ఏమిటంటే, స్కూటర్ ఆయిల్ బైక్‌లో పోయకూడదు. బైక్‌లో క్లచ్ ప్లేట్లు ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. స్కూటర్ ఆయిల్‌కి అవి జారతాయి. డబ్బా మీద స్కూటర్‌దైతే ఎంబీ అనీ, బైక్‌దైతే ఎంఏ అనీ ఉంటుంది. ఆయిల్ మార్చడం వాయిదా వేస్తే మాత్రం రెండు బళ్లూ ఒకే శిక్ష వేస్తాయి. ఇంజన్ బోరుకొచ్చిందంటే, అంటే లోపల సిలిండరు అరిగిపోయిందంటే, వేలల్లో ఖర్చు.

ఇన్సూరెన్స్‌లో తేడా ఏమీ లేదు. 75 నుంచి 150 సీసీ వరకు థర్డ్ పార్టీ ప్రీమియం ఒకటే. 2022 జూన్‌లో వచ్చిన రేట్ల ప్రకారం ఏడాదికి 714 రూపాయలు. కొత్త బండి ఏదైనా అయిదేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టాలి. 2018 సెప్టెంబర్ నుంచి అదే నిబంధన. 2025 సెప్టెంబర్‌లో జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కూడా 350 సీసీ లోపు బళ్లన్నిటికీ కాబట్టి, అక్కడా ఎవరికీ ప్రత్యేక లాభం లేదు.

లెక్కలో రాని ఒక చిరాకు ట్యాంకు. యాక్టివాలో పట్టేది 5.3 లీటర్లు, స్ప్లెండర్‌లో 9.8. రోజూ 40 కిలోమీటర్లు తిరిగేవాడు స్కూటర్ మీద వారానికోసారి బంకుకి పోవాలి. బైక్ మీద రెండు వారాలు నడిచిపోతుంది. బంకు దూరంగా ఉండే పల్లెల్లో ఇది చిన్న విషయం కాదు. బీఎస్6 బళ్లలో, అంటే కొత్త కాలుష్య నిబంధనలతో వచ్చిన బళ్లలో, పెట్రోలు పంపు ట్యాంకు లోపలే ఉంటుంది కాబట్టి ట్యాంకు అడుగంటే దాకా నడిపితే అది కూడా దెబ్బతింటుంది. ఆ పంపుని చల్లగా ఉంచేది చుట్టూ ఉన్న పెట్రోలే.

రోడ్డు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. టౌన్‌లో తారు రోడ్డు మీద తిరిగే స్కూటర్ ఏళ్లకేళ్లు ఏ ఇబ్బందీ పెట్టదు. అదే స్కూటర్‌ని పల్లె దారిలో రోజూ నడిపితే ఖర్చు వేరేగా ఉంటుంది. చిన్న చక్రం గుంటలో పూర్తిగా దిగుతుంది. పెద్ద చక్రం అంచు మీద నుంచి దాటేస్తుంది. దిగిన ప్రతిసారీ దెబ్బ రిమ్ముకీ, షాకబ్జార్లకీ, హ్యాండిల్ కింద కోన్ సెట్‌కీ తగులుతుంది. వానాకాలంలో చప్టా మీద నీళ్లు పారుతుంటే స్కూటర్ బెల్టు పెట్టెలోకి నీరు పోయి బెల్టు జారడం మొదలవుతుంది. పాల క్యాన్లు రెండు వైపులా కట్టుకుని తెల్లవారుజామున కేంద్రానికి పోయేవాళ్లంతా గేర్ల బళ్ల మీద ఎందుకు కనబడతారో దీన్ని బట్టి అర్థమవుతుంది. గ్యాస్ సిలిండరో, 25 కిలోల బియ్యం బస్తానో తేవాలంటే మాత్రం స్కూటర్ ముందున్న ఖాళీకి సాటి లేదు.

కింద పడ్డప్పుడు అయ్యే ఖర్చు కూడా చూడండి. బైక్ పడితే అద్దం, ఇండికేటరు, లివరు. క్రాష్ గార్డు ఉంటే అవి కూడా బతుకుతాయి. స్కూటర్‌కి చుట్టూ ప్యానెళ్లే. సొట్ట తీయించి రంగు వేయించినా, మార్చినా ఖర్చే. చిన్న రిపేరుకి కూడా ముందు ప్యానెళ్లు విప్పాలి కాబట్టి కూలీ ఎక్కువ పడుతుంది.

ఇంతవరకు చదివితే బైకే మేలనిపిస్తుంది. కానీ నేను నా నోటుబుక్కులో కొన్నేళ్లు రాయకుండా వదిలేసిన పద్దు ఒకటి ఉంది, ఆటో ఛార్జీలు. స్కూటర్ కొనకముందు మా ఆవిడ ఆఫీసుకి పోను 30, రాను 30 పెట్టేది. నెలకి 1,500. బాబు ట్యూషన్‌కి, మార్కెట్‌కి, ఆసుపత్రికి పోయే ఆటో ఖర్చులు వేరే. బైక్ ఇంట్లో ఉన్నా ఆమెకి ఉపయోగం లేదు. గేర్ల బండి నేర్చుకోలేదు, చీరలో నడపడం కష్టం. స్కూటర్ వచ్చాక ఆ 1,500 పోయి, పెట్రోలుకి 500 అవుతోంది. మైలేజీ 45 వచ్చినా, బెల్టు తెగినా, మా ఇంటికి డబ్బు మిగిల్చింది స్కూటరే. పైగా ఎవరినీ అడగకుండా తనకి కావలసినప్పుడు బయటికి వెళ్తోంది. దానికి నేను విలువ కట్టలేను, అయినా చెప్పకుండా ఉండలేను. మా అమ్మ కూడా స్కూటర్ వెనక కూర్చున్నంత ధీమాగా బైక్ వెనక కూర్చోదు.

కాబట్టి నేను గీసుకున్న గీత ఇలా ఉంటుంది. రోజుకి 20 కిలోమీటర్ల లోపు, టౌన్‌లోనే, ఇంట్లో ఇద్దరు ముగ్గురు నడిపే బండి అయితే స్కూటర్. రోజుకి 40 దాటితే, అందులోనూ పల్లె రోడ్డు ఉంటే, గేర్ల బండి. మధ్యలో ఉన్నవాళ్లు పగలు బండి ఎక్కడ ఉంటుందో చూసుకోవాలి. ఇంటి దగ్గరే ఉండి మిగతావాళ్లకి పనికొచ్చేదైతే స్కూటర్. ఆఫీసు పార్కింగ్‌లో సాయంత్రం దాకా నిలబడేదైతే బైక్.

మా బావమరిది లెక్క ఈ గీతకి స్పష్టంగా ఒక వైపే పడింది. రోజుకి 44 కిలోమీటర్లు, చివరి ఆరు కిలోమీటర్లు గుంటల రోడ్డు, బండి సాయంత్రం దాకా బడి దగ్గరే. 100 సీసీ బైక్ తీసుకోమన్నాను, తీసుకున్నాడు. మా మరదలికి టౌన్‌లో తిరగడానికి సెకండ్ హ్యాండ్ స్కూటర్ ఒకటి చూశాం. మీటరు 23,000 చూపిస్తోంది. బెల్టు మార్చిన బిల్లు చూపించమంటే లేదన్నారు. మెయిన్ స్టాండ్ వేసి స్టార్ట్ చేయించి బెల్టు పెట్టె దగ్గర చప్పుడు విన్నాం. తర్వాత తనే వీధి చివరిదాకా నడిపి చూసింది. కదిలేటప్పుడు వణుకు లేదు. బెల్టు, రోలర్ల ఖర్చు 1,500 ధరలో తగ్గించమని అడిగితే ఒప్పుకున్నారు. ఆ సాయంత్రమే నేరుగా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి బెల్టు మార్పించి, ఆ తర్వాతే తన చేతికి తాళం ఇచ్చాం.