టికెట్ అమ్మేది ఒకరు, విమానం నడిపేది ఇంకొకరు: కోడ్‌షేర్ కొనేవాళ్లూ, జాగ్రత్త

చేతిలో ఈ-టికెట్ ఉంది. డబ్బు కట్టి నాలుగు నెలలైంది. పాస్‌పోర్టులు, వీసాలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అర్ధరాత్రి దాటాక చెక్-ఇన్ కౌంటర్ దగ్గరికి చేరితే, అక్కడి అమ్మాయి స్క్రీన్ చూసి కాసేపు ఏదో టైప్ చేసి, “మేడమ్, మీ బుకింగ్ కనిపిస్తోంది, టికెట్ మాత్రం కనిపించడం లేదు” అంది. పక్కన సూట్‌కేసు మీద చెయ్యి ఆనించి అమ్మ నిలబడి ఉంది. బుకింగ్ ఉండి టికెట్ లేకపోవడం ఏమిటో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

ఇప్పుడు బాగా అర్థమైంది. అంత ఖరీదుగా మీరెవరూ నేర్చుకోనక్కర్లేదని రాస్తున్నాను. ఎయిర్‌లైన్ల పేర్లు రాయడం లేదు. ఇది ఒక్క కంపెనీ జబ్బు కాదు, ఏ రెండు కంపెనీలు కలిసినా రాగలిగేదే.

మేం కొన్నది కోడ్‌షేర్ టికెట్. అంటే ఒక ఎయిర్‌లైన్ తన భాగస్వామి నడిపే విమానంలో సీట్లను తన సొంత ఫ్లైట్ నంబర్‌తో అమ్ముకుంటుంది. ఎయిర్‌పోర్టు బోర్డు మీద ఒకే గేటు, ఒకే సమయం, ఫ్లైట్ నంబర్లు మాత్రం రెండు మూడు ఒకదాని తర్వాత ఒకటి మారుతూ కనిపిస్తాయే, అదే ఇది. నంబర్లు ఎన్ని ఉన్నా అక్కడ ఉండేది ఒక్క విమానమే. కొనేటప్పుడు “ఆపరేటెడ్ బై” అని చిన్న అక్షరాల్లో ఒక లైన్ ఉంటుంది. నేను ఆ లైన్ చూశాను కూడా. చూసి, ఎవరు నడిపితే ఏముందిలే, మంచి ఎయిర్‌లైనే కదా అనుకున్నాను. నా మొదటి తప్పు అది.

ప్రయాణంలో రెండు విమానాలు. మొదటిది భాగస్వామిది, రెండోది మాకు టికెట్ అమ్మినవాళ్లది. రెండూ ఒకే టికెట్ మీద ఉన్నాయి.

బయల్దేరే ముందు రోజు ఆన్‌లైన్ చెక్-ఇన్ చేద్దామని కూర్చున్నాను. అమ్మినవాళ్ల యాప్, “ఈ విమానాన్ని వేరే సంస్థ నడుపుతోంది, వాళ్ల సైట్‌లో చెక్-ఇన్ చేసుకోండి” అంది. ఆ సైట్‌కు వెళ్లి నా దగ్గరున్న ఆరక్షరాల పీఎన్ఆర్ కొడితే “ఇలాంటి బుకింగ్ లేదు” అని వచ్చింది. పేరు తిప్పి కొట్టాను, ఇంటిపేరు ముందు పెట్టి చూశాను. ఊహూఁ.

ఇక్కడ తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఇద్దరు ఎయిర్‌లైన్ల రిజర్వేషన్ సిస్టమ్‌లు వేరైతే మీ ప్రయాణానికి రెండు పీఎన్ఆర్‌లు ఉంటాయి. అమ్మినవాళ్లది ఒకటి, నడిపేవాళ్లది ఒకటి. మనకు వచ్చే ఈమెయిల్‌లో చాలాసార్లు మొదటిదే ఉంటుంది. రెండోది అడిగి తెచ్చుకోవాలి. అడగాలని తెలిస్తే కదా! అమ్మినవాళ్లకు ఫోన్ చేసి ముప్పావుగంట సంగీతం విన్నాక, “నడిపే ఎయిర్‌లైన్ రిఫరెన్స్ చెప్పండి” అంటే రెండు నిమిషాల్లో చెప్పారు. (కొన్ని సైట్లు పీఎన్ఆర్ బదులు 13 అంకెల ఈ-టికెట్ నంబర్ కొట్టినా ఒప్పుకుంటాయి. ఆ నంబర్‌లో మొదటి 3 అంకెలు టికెట్ జారీ చేసిన ఎయిర్‌లైన్ కోడ్. అంటే టికెట్ ఎవరిదో ఆ మూడంకెలే చెప్పేస్తాయి.)

ఆ రిఫరెన్స్‌తో బుకింగ్ తెరుచుకుంది. చెక్-ఇన్ నొక్కితే, “ఆన్‌లైన్ చెక్-ఇన్ కుదరదు, ఎయిర్‌పోర్టులో మా సిబ్బందిని కలవండి” అంది. వీసా చూడ్డానికి అయ్యుంటుందని సరిపెట్టుకుని సూట్‌కేసులు సర్దుకోవడంలో పడ్డాను. నా రెండో తప్పు, అసలు తప్పు ఇదే. ఆ మెసేజ్‌కు వీసా తనిఖీ అని అర్థం కావచ్చు, టికెట్‌లోనే ఏదో తేడా ఉందనీ కావచ్చు. రెండింటికీ అదే వాక్యం. ఏది అన్నది ఫోన్ చేసి తేల్చుకుంటే తప్ప బయటపడదు.

మళ్లీ కౌంటర్ దగ్గరికి వద్దాం. అసలు జరిగింది ఇది. రెండు నెలల క్రితం నడిపే ఎయిర్‌లైన్ తన విమానం సమయాన్ని 35 నిమిషాలు ముందుకు జరిపింది. అమ్మినవాళ్ల నుంచి నాకు ఈమెయిల్ వచ్చింది: “మీ సమయం మారింది, అంగీకరిస్తే ఈ బటన్ నొక్కండి.” నొక్కాను. “ధన్యవాదాలు, మీ ప్రయాణం కన్ఫర్మ్ అయింది” అని కూడా వచ్చింది. నేను ఆ సంగతి అంతటితో మర్చిపోయాను.

బటన్ నొక్కినప్పుడు మారింది రిజర్వేషన్ మాత్రమే. ఈ-టికెట్ అన్నది రిజర్వేషన్‌కు అతికి ఉండే ఇంకో రికార్డు. అందులో ఒక్కో విమానానికి ఒక్కో కూపన్ ఉంటుంది. రిజర్వేషన్ మారినప్పుడు టికెట్‌ను కూడా కొత్త వివరాలతో తిరగరాయాలి, దాన్నే రీఇష్యూ అంటారు. చిన్న మార్పైతే ఉన్న టికెట్‌నే కొత్త సమయానికి సరిచేసి రీవాలిడేట్ చేస్తారు. మా విషయంలో ఆ రెండూ జరగలేదు. రిజర్వేషన్ కొత్త సమయానికి, కూపన్ పాత సమయానికి ఉండిపోయాయి. అమ్మినవాళ్ల స్క్రీన్ మీద అన్నీ పచ్చగా కనిపిస్తున్నాయి. నడిపేవాళ్ల స్క్రీన్ మీద మేం టికెట్ లేని ప్రయాణికులం.

“మీరే సరిచేయండి” అన్నాను. కుదరదంది ఆ అమ్మాయి. టికెట్ వాళ్లు జారీ చేసింది కాదు కాబట్టి తిరగరాయాల్సింది కూడా జారీ చేసినవాళ్లే. “వాళ్ల కౌంటర్‌కు వెళ్లండి” అంది. వాళ్ల కౌంటర్ చీకటిగా ఉంది. ఆ రాత్రి అక్కడి నుంచి వాళ్ల సొంత విమానం ఏదీ లేదు కాబట్టి మనిషి ఉండాల్సిన అవసరం వాళ్లకు లేదు. ఇంకో మాట, మాతో మాట్లాడుతున్న అమ్మాయి కూడా ఆ ఎయిర్‌లైన్ ఉద్యోగి కాదట. కౌంటర్లు నడిపే మూడో ఏజెన్సీ మనిషి. టికెట్ ఒకరిది, విమానం ఒకరిది, కౌంటర్ మరొకరిది. ఎవరికి వారే యమునా తీరే.

కౌంటర్ మూయడానికి గంటంబావు ఉంది. కాల్ సెంటర్‌కు ఫోన్ చేస్తే మళ్లీ అదే సంగీతం. ఇరవై నిమిషాలకు దొరికిన అతను, “మా సిస్టమ్‌లో మీ ప్రయాణం కన్ఫర్మ్‌డ్‌గానే ఉంది మేడమ్, ఏ సమస్యా లేదు” అన్నాడు. సమస్య నా ఎదురుగా నిలబడి ఉందని చెప్పినా అదే మాట. అతనిదీ తప్పు కాదేమో, అతని స్క్రీన్ అలాగే చెబుతోంది. అమ్మ అడుగుతోంది, “ఏమంటున్నారే? ఇంటికి వెళ్లిపోదామా?” అని.

అప్పుడు కౌంటర్ అమ్మాయే ఒక చీటీ మీద రెండు ముక్కలు రాసి నా చేతికిచ్చింది. “ఇది చదివి వినిపించండి” అంది. అందులో ఉన్నది: టికెట్ రిజర్వేషన్‌తో సింక్ కాలేదు, రీవాలిడేట్ లేదా రీఇష్యూ చేయండి, చేశాక నడిపే ఎయిర్‌లైన్‌కు టికెట్ నంబర్ మళ్లీ పంపండి. అంతే. ఆ మాటలు చదవగానే అటువైపు గొంతు మారింది, సూపర్‌వైజర్‌కు కలిపారు. ఎనిమిది నిమిషాల్లో పని అయిపోయింది. ఆ రెండు నెలల్లో ఎప్పుడైనా చేయగలిగిన ఎనిమిది నిమిషాల పని! ఆ చీటీ ఇప్పటికీ నా పర్సులో ఉంది. మీరూ ఆ వాక్యాలు ఫోన్‌లో రాసి పెట్టుకోండి.

కౌంటర్ మూసేలోపు బోర్డింగ్ పాస్‌లు చేతికొచ్చాయి. అమ్మకు వీల్‌చెయిర్ మాత్రం రాలేదు. అమ్మినవాళ్ల దగ్గర అడిగి పెట్టుకున్నది, వాళ్ల దగ్గర నమోదై ఉన్నది, నడిపేవాళ్లకు చేరలేదు. నేను డబ్బు కట్టి తీసుకున్న పక్కపక్క సీట్లదీ అదే కథ. అమ్మ ముందు ఎక్కడో, నేను తోక దగ్గర. ప్రత్యేక భోజనం, పసిపిల్లల ఉయ్యాల, ఫ్రీక్వెంట్ ఫ్లయర్ నంబర్, ఇలాంటివేవైనా ఒక సిస్టమ్ నుంచి రెండో సిస్టమ్‌కు దాటేటప్పుడు దారిలో జారిపోవచ్చు. అడిగింది ఎవరినైనా, ఉందో లేదో చూసుకోవాల్సింది నడిపేవాళ్ల సైట్‌లో.

సామాను సంగతి కొంచెమే చెబుతాను. చెక్-ఇన్ సామాను ఎంతన్నది ఈ-టికెట్ మీద ఒక్కో విమానానికి ఎదురుగా రాసి ఉంటుంది, దాన్ని ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోండి. అమెరికాకు వెళ్లే, అక్కడి నుంచి బయల్దేరే టికెట్లకైతే మొదటి విమానం నుంచి చివరిదాకా ఒకే సామాను నియమం వర్తించాలని అక్కడి రవాణా శాఖ నిబంధన ఉంది. చేతిసంచి దగ్గర మాత్రం ఎక్కువగా గేటు దగ్గర నడిపేవాళ్ల మాటే చెల్లుతుంది, వాళ్లు 7 కిలోలంటే 7 కిలోలే. టెర్మినల్ కూడా నడిపేవాళ్లదే చూసుకోండి.

అలయన్స్, అంటే ఎయిర్‌లైన్ల కూటమి, పేరు చూసి ధీమా పడకండి. 1997లో మొదలైన స్టార్ అలయన్స్, 1999 నాటి వన్‌వరల్డ్, 2000 నాటి స్కైటీమ్, వీటిలో ఏదో ఒకదాంట్లో ఇద్దరూ సభ్యులైనంత మాత్రాన ఇద్దరి కంప్యూటర్లూ ఒకే మాట చెబుతాయని కాదు. కోడ్‌షేర్ ఒప్పందాలు అలయన్స్ బయటివాళ్లతోనూ ఉంటాయి, అలయన్స్‌లోని ప్రతి ఇద్దరి మధ్యా ఉండకపోనూవచ్చు.

ఏదైనా తేడా వస్తే ఎవరిని పట్టుకోవాలన్నది అందరూ అడుగుతున్నారు. అంతర్జాతీయ ప్రయాణాలకు 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ఉంది. దాని ప్రకారం, నడిపేవాళ్లు నడిపిన భాగానికి సంబంధించి, మీకు టికెట్ అమ్మిన ఎయిర్‌లైన్, నిజంగా నడిపిన ఎయిర్‌లైన్, ఈ ఇద్దరిలో ఎవరి మీదైనా, లేదా ఇద్దరి మీదా పరిహారం అడగొచ్చు. సామాను దెబ్బతింటే చేతికి అందిన 7 రోజుల్లోపు, ఆలస్యంగా వస్తే అందిన 21 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. “అది వాళ్ల బాధ్యత” అని తిప్పి పంపుతుంటే ఆ రోజులు చేజారిపోతాయి, కాబట్టి ఒకేసారి ఇద్దరికీ రాసేయండి. విమాన ప్రయాణికుల హక్కుల మీద యూరప్‌లో ఉన్న 261/2004 నిబంధన దీనికి భిన్నం. ఎక్కనివ్వకపోయినా, విమానం రద్దయినా అక్కడ జవాబు చెప్పాల్సింది నడిపే ఎయిర్‌లైనే. ఏ ఎయిర్‌లైన్ నడుపుతుందో ముందే చెప్పడం అమెరికాలోనూ, యూరప్‌లోనూ తప్పనిసరి. చెబుతారు కూడా, ఆ చిన్న అక్షరాల్లో.

కోడ్‌షేర్ అసలు కొనొద్దని నేను అనను. ఒకే టికెట్ మీద ఉండటం వల్ల మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే వేరే విమానంలో పంపే బాధ్యత వాళ్ల మీద ఉంటుంది. విడివిడిగా రెండు టికెట్లు కొంటే ఆ దిక్కు కూడా ఉండదు. కానీ అదే విమానం నడిపేవాళ్ల సొంత నంబర్‌తో దొరుకుతుంటే, ధరలో పెద్ద తేడా లేకపోతే, నేనైతే ఇకపై నేరుగా వాళ్ల దగ్గరే కొంటాను.

కొనేసినవాళ్లు ఈరోజే నడిపేవాళ్ల పీఎన్ఆర్ తెప్పించుకుని, వాళ్ల సైట్‌లో తెరిచి, అక్కడ టికెట్ నంబర్ కనిపిస్తోందో లేదో చూడండి. కనిపించకపోతే వాళ్లకే ఫోన్ చేసి “మా టికెట్ నంబర్ మీకు చేరిందా?” అని అడగండి. సమయం మారిందని ఈమెయిల్ వస్తే బటన్ నొక్కి ఊరుకోవద్దు, “టికెట్ రీఇష్యూ అయిందా?” అని అమ్మినవాళ్లను అడిగి కొత్త రసీదు ఈమెయిల్‌లో తెప్పించుకోండి. ఏజెంట్ దగ్గర కొన్నవాళ్లైతే ఇది ఏజెంట్ పని, అతని వెంట పడండి. చెక్-ఇన్ కొందరు 24 గంటల ముందు, కొందరు 48 గంటల ముందు తెరుస్తారు. తెరిచిన వెంటనే ప్రయత్నిస్తే, తేడా ఉన్నా సరిచేయించుకోవడానికి ఒక పగలు చేతిలో ఉంటుంది.

సీట్ల డబ్బు తిరిగి ఇమ్మని ఇద్దరికీ రాశాను. అమ్మినవాళ్లు నడిపేవాళ్లను అడగమన్నారు, నడిపేవాళ్లు అమ్మినవాళ్లను అడగమన్నారు. ఆ రెండు జవాబులనూ ఒకే ఈమెయిల్‌కు జతచేసి మళ్లీ ఇద్దరికీ పంపాను. తిరుగు ప్రయాణం వచ్చే నెల, అదే టికెట్ మీద. నిన్న చూస్తే నడిపేవాళ్ల దగ్గర టికెట్ నంబర్ ఉంది, అమ్మ వీల్‌చెయిర్ మాత్రం రెండు విమానాల్లో ఒక్కదానికే ఉంది. ఇప్పుడు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఆ సంగీతం వింటూనే ఇది టైప్ చేస్తున్నాను.