40 వేలు తిరిగిన చెన్నై కారా, లక్ష దాటిన లోకల్ కారా: ఏది మేలు?

తిరుపతిలో పాత కారు కోసం నాలుగు కన్సల్టెన్సీలు తిరిగితే చివరికి తేల్చుకోవాల్సింది ఎక్కువగా ఇలాంటి రెండు బండ్ల మధ్యే. ఒకటి 2014 మోడల్ పెట్రోల్ వ్యాగనార్. చెన్నైలో తిరిగిన టీఎన్ (తమిళనాడు) నంబరు, ఒకే ఓనరు, మీటరులో 40 వేల కిలోమీటర్లు. రెండోది అదే ఏడాది డీజిల్ డిజైర్. ఏపీ 03 నంబరు, లక్షా 20 వేలు తిరిగింది, సర్వీసు బిల్లులన్నీ ఉన్నాయి. ధర ఇంచుమించు ఒకటే. మా పిన్ని కొడుకు ఇప్పుడు సరిగ్గా ఇక్కడే ఆగిపోయాడు. "తక్కువ తిరిగిందే కదన్నా మంచిది?" అంటాడు. ఇంట్లో అందరి ఓటూ వ్యాగనార్‌కే. ఈ రెండిట్లో అయితే నా ఓటు డిజైర్‌కి. ఎందుకో చెప్తాను.

ముందు ఆ 40 వేల సంగతి. డిజిటల్ మీటరు వెనక్కి తిప్పడం పెద్ద పనేం కాదు, అందుకని మీటరుకన్నా బండిని చూడాలి. క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి, స్టీరింగ్ తోలు మెరుస్తూ, డ్రైవర్ సీటు అంచు కుంగిపోయి ఉంటే అది 40 వేల బండి కాదు. ఇంకా గట్టి సాక్ష్యం కంపెనీ సర్వీసు సెంటర్ రికార్డు. బండి ఎప్పుడొచ్చింది, అప్పుడు మీటరు ఎంత ఉంది అన్నది అందులో ఉంటుంది. ఆ ప్రింటు తెప్పించమని ఓనరునే అడగండి. ఇవ్వడానికి నసిగితే అక్కడే అనుమానించాలి.

సరే, 40 వేలు నిజమే అనుకుందాం. ఇన్నేళ్లలో అంతే తిరిగిందంటే రోజుకి సగటున పది కిలోమీటర్లు కూడా పడవు. అంటే ఎక్కువ కాలం ఒకే చోట నిలబడే ఉంది. నిలబడిన బండిలో రబ్బరు పైపులు, బెల్టులు, సీళ్లు గట్టిపడి పగుళ్లిస్తాయి, బ్యాటరీ పోతుంది, వైర్లు ఎలుకల పాలవుతాయి. టైర్లకి గాట్లు బాగానే కనిపిస్తాయి గానీ పక్కన అచ్చేసిన నాలుగంకెలు చూడండి. 2214 అని ఉంటే 2014లో 22వ వారంలో తయారైందని. ఎంత కొత్తగా కనిపించినా దాన్ని మార్చాల్సిందే.

చెన్నై బండి అనగానే నాకు ముందు గుర్తొచ్చేది నీళ్లు. 2014 కారంటే 2015 వరదనీ చూసింది, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపాన్నీ చూసింది. మునిగిన బండికి వాటర్ వాష్ చేయించి, సీటు కవర్లు మార్చి, సెంటు కొట్టి అమ్ముతారు. పైన పటారం, లోన లొటారం. సీటు బెల్టుని చివరిదాకా బయటికి లాగండి. ఎప్పుడూ బయటికి రాని ఆ ఆఖరి జానెడు దగ్గర బురద గీత ఉంటే దాన్ని ఎవరూ సరిగ్గా కడగలేరు. స్టెప్నీ ఎత్తి కింద తుప్పు చూడండి, కార్పెట్ అంచు లేపి వాసన చూడండి, ఫ్యూజు బాక్సు మూలల్లో ఒండ్రు ఉందేమో చూడండి. లోకల్ బండికీ ఈ పరీక్ష తప్పదు. 2021 నవంబరు వానలకి తిరుపతిలో ఎన్ని కాలనీలు నీళ్లలో ఉన్నాయో మనకి తెలుసు.

ఇక కాగితాలు. ఏపీ బండికి ఫారం 29, 30తో పేరు మారిపోతుంది. టీఎన్ బండికి అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి, ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి, కొత్త నంబరు తీసుకోవాలి. ఈ ఖర్చు బేరంలో ఎవరూ చెప్పరు. దానికి టైర్లు, బ్యాటరీ కలిపితే ఒకే ధర అన్న మాట అక్కడే పోయింది. రెండు బండ్లకీ రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు, అంటే 2029 దాకా. తర్వాత ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్లకోసారి రెన్యువల్.

లోకల్ బండికి అసలు ప్రమాదం వేరు. రోజూ భక్తులని కొండకి తిప్పిన ట్యాక్సీని ఓన్ బోర్డుకి, అంటే సొంత వాడకం బండిగా, మార్చి అమ్ముతుంటారు. ఆర్సీ వివరాల్లో ఎన్నో ఓనరో చూడండి, ఆర్టీఓ ఆఫీసులో పాత చరిత్ర కనుక్కోండి. సొంతంగా వాడుకున్న కారులో వెనక సీటు ముందు సీటుకన్నా బాగుంటుంది. ట్యాక్సీలో వెనక సీటే ముందు నలిగిపోతుంది, డోరు లోపలి అంచులకి సూట్‌కేసుల గీతలుంటాయి, టాపు మీద క్యారియర్ బిగించిన మచ్చలుంటాయి. ఇవి కనిపిస్తే లక్షా 20 వేలన్నది కూడా నమ్మొద్దు.

అవి లేకపోతే ఘాట్ ఎక్కించండి. తిరుపతి వాళ్లకి భాకరాపేట ఘాట్, చిత్తూరు వాళ్లకి మొగిలి ఘాట్. ఏసీ వేసి, థర్డ్ గేర్‌లో ఎక్సలేటర్ తొక్కినప్పుడు ఇంజన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు పోయినట్టే. టెంపరేచర్ ముల్లు మధ్య నుంచి కదలకూడదు. దిగేటప్పుడు బ్రేకు వేస్తే స్టీరింగ్ వణికిందంటే డిస్కులు వంకరపోయి ఉండొచ్చు.

డిజైర్‌లో ఉన్నది ఫియట్ రూపొందించిన 1.3 లీటర్ డీజిల్ ఇంజన్. మారుతి 2020లో డీజిల్ ఆపేసినా, స్విఫ్ట్, రిట్జ్ లాంటి వాటిలోనూ ఇదే కాబట్టి మెకానిక్కులకి బాగా తెలుసు. భయపడాల్సింది టర్బో, ఇంజెక్టర్లు, టైమింగ్ చైన్‌కి. పొద్దున్నే, బండి స్టార్ట్ చెయ్యక ముందే వెళ్లండి. బోనెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. స్టార్ట్ చేయగానే ముందువైపు గలగలమని చప్పుడొచ్చి ఆగకపోతే చైన్ పని ఉంది. నీలం పొగ వస్తే, ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసినప్పుడు పొగ గుప్పుగుప్పున తన్నితే బోరు పని, అంటే ఇంజన్ విప్పాల్సిందే. అలాంటిది ఉచితంగా ఇచ్చినా వద్దు.

ఈ పరీక్షలు దాటితే డిజైరే. కానీ మావాడు రోజూ తిరిగేది ఇంటి నుంచి రేణిగుంట దాకానే, నెలకోసారి మదనపల్లె. అంత తక్కువ దూరాలకి డీజిల్ ఇంజన్ సరిగ్గా వేడెక్కదు, మసి పేరుకుంటుంది. అందుకే "ఇంకో నెల ఆగరా, 70, 80 వేలు తిరిగిన ఏపీ నంబరు పెట్రోల్ బండి దొరికితే ఈ రెండూ వదిలెయ్" అన్నాను. వ్యాగనారే కావాలంటే, ట్యాక్స్, టైర్లు, బ్యాటరీ ఖర్చు ధరలో తగ్గించి, ఎన్ఓసీ చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇవ్వాలి.

ఏది కొన్నా పాత ఇన్సూరెన్స్ పాలసీ ఒకసారి చదవండి. ఫుల్ పాలసీలో నో క్లెయిమ్ బోనస్ 50 శాతం ఉంటే కనీసం ఐదేళ్లు క్లెయిమ్ లేదని అర్థం. సున్నా ఉంటే ఎందుకో అడగండి. ఆ బోనస్ అమ్మినవాళ్లదే, మనకి రాదు. పాలసీ మాత్రం 14 రోజుల్లో మన పేరుకి మార్పించుకోవాలి.