గెలీలియో కటకం కోసం ఫ్లోరెన్సు, పాదువా

ముందు ఇటలీలోని ఫ్లోరెన్సులో బస సంగతి చెప్పాలి. అమ్మకి మోకాళ్ల నొప్పులు. లిఫ్ట్ ఉందని రాశారు కాబట్టే రాత్రికి 118 యూరోలు పెట్టాం. తీరా చూస్తే లిఫ్ట్ రెండో అంతస్తు దాకానే, మా గది నాలుగో అంతస్తులో. రైలు ఆలస్యమై రాత్రి ఎనిమిది దాటాక చేరామని, తాళం ఇవ్వడానికి ఇంకో 40 యూరోలు నగదు గుంజారు. రసీదు లేదు. సిటీ ట్యాక్సు వేరే. రసీదు అడిగినందుకు ఆ ఇంటాయన నాన్నగారి మీద గొంతు లేపాడు. జీవితమంతా హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పిన మనిషి, ఆ రాత్రి ఏమీ తినకుండా పడుకున్నారు. ఫ్లోరెన్సులో గది తీసుకునేవాళ్లు లిఫ్ట్ ఏ అంతస్తు దాకా వెళ్తుందో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

మర్నాడు నాన్నగారిని మామూలు మనిషిని చేసింది గెలీలియో మ్యూజియం. ఆర్నో నది ఒడ్డున, ఉఫీజీ గ్యాలరీ వెనకే. ఉఫీజీ దగ్గర చాంతాడంత క్యూ, ఇక్కడ నేరుగా లోపలికి వెళ్లాం. దంతపు చట్రంలో బిగించిన పగిలిన కటకం ఉంది, అడ్డంగా నాలుగు సెంటీమీటర్లు కూడా లేదు. గెలీలియో టెలిస్కోపుది. నాన్నగారు దాని ముందు నుంచి కదలరే! 1610 జనవరి 7న గెలీలియో గురుగ్రహం పక్కన మూడు చుక్కలు చూశాడు, వారం తిరక్కుండానే నాలుగో చుక్క కనిపించింది. రోజూ చోటు మారుతున్నాయి గానీ గురుణ్ణి వదలడం లేదు. "భూమి కదిలితే చంద్రుడు వెనకబడిపోడా అని, భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న కోపర్నికస్ వాదాన్ని కొట్టేసేవాళ్లమ్మా. గురుడు నాలుగు చంద్రుళ్లని వెంటబెట్టుకుని తిరగడం లేదూ? ఇంకేం అడుగుతారు?" అన్నారు, క్లాసులో ఉన్నట్టే. పక్క గాజుపెట్టెలో గెలీలియో వేలు ఉంది, 1737లో సమాధి మార్చేటప్పుడు తీసింది. "చనిపోయినాయన్ని కూడా వదల్లేదా" అని అమ్మ మొహం తిప్పేసుకుంది.

పాదువాకి రైల్లో రెండు గంటల లోపే. అక్కడ స్టేషన్ దగ్గర 74 యూరోల గది శుభ్రంగా ఉంది, మర్యాదగా మాట్లాడారు.

యూనివర్సిటీ పాత భవనం పలాజ్జో బోలోకి గైడుతోనే వెళ్లాలి. ముందే బుక్ చేసుకోండి. గెలీలియో ఎక్కి పాఠం చెప్పాడనే చెక్క వేదిక అక్కడే ఉంది. నన్ను కట్టిపడేసింది మాత్రం వైద్యవిద్యార్థులకి శవాన్ని కోసి చూపించే 1595 నాటి మందిరం. కింద నిలబడి తలెత్తితే కోడిగుడ్డు ఆకారంలో ఆరు వరసలు. విద్యార్థులు నిలబడే చూసేవారట. గుండెకి రక్తం తెచ్చే సిరల్లో కవాటాలు, అంటే రక్తాన్ని వెనక్కి పోనివ్వని చిన్న తలుపుల్లాంటివి, ఉన్నాయని చూపించిన ఫాబ్రిచీ ఇక్కడి గురువు. ఆయన దగ్గర చదివి 1602లో పట్టా పుచ్చుకున్న విలియం హార్వే, 1628లో గుండె రక్తాన్ని ఒళ్లంతా తిప్పి మళ్లీ తనలోకే తెచ్చుకుంటుందని రుజువు చేశాడు. అంతకుముందు వైద్యులు కాలేయంలో రక్తం పుట్టి ఒంట్లోనే ఇంకిపోతుందని నమ్మేవారు. బీపీ మాత్రలు వేసుకునే అమ్మ ఈసారి మొహం తిప్పుకోలేదు, గైడుని రెండు ప్రశ్నలు అడిగింది.

నన్నడిగితే బస పాదువాలోనే పెట్టుకుని, ఫ్లోరెన్సుకి పొద్దున్నే వెళ్లి రాత్రికి తిరిగొచ్చేయండి.