అలీ సంతకం వేటలో లూయీవిల్, కెనస్టోటా

మహమ్మద్ అలీ సంతకం ఒకటి ఇంట్లో ఉండాలన్నది నా చిరకాల కోరిక. ఆయన 2016 జూన్‌లో పోయాడు కాబట్టి ఇక ఎవరి దగ్గరైనా కొనుక్కోవాల్సిందే. అందుకే ముందు ఆయన పుట్టిన లూయీవిల్ (అమెరికాలోని కెంటకీ రాష్ట్రం), ఆ తర్వాత గొప్ప బాక్సర్లను గౌరవించే బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్న కెనస్టోటా చూసి వచ్చాను.

లూయీవిల్ ప్రయాణం సుఖంగా సాగింది. అక్కడి విమానాశ్రయానికి 2019లో అలీ పేరే పెట్టారు. డౌన్‌టౌన్‌లో ఒహాయో నది పక్కనే ఆయన మ్యూజియం, అలీ సెంటర్. గాల్ట్ హౌస్ లాంటి పెద్ద హోటళ్ల నుంచి నడిచి వెళ్లొచ్చు. ఆయన సమాధి ఉన్న కేవ్ హిల్ శ్మశానానికి మాత్రం క్యాబ్ కావాలి. మే మొదటి శనివారం డెర్బీ గుర్రప్పందెం ఉంటుంది, ఆ వారం గదుల జోలికి వెళ్లకండి. సెంటర్ సంతకాలు కొనే చోటు కాదు, మనిషిని తెలుసుకునే చోటు. పన్నెండేళ్లప్పుడు సైకిల్ పోయిందని పోలీసు జో మార్టిన్‌కు చెప్పుకోబోయి బాక్సింగ్‌లోకి వచ్చిన కుర్రాడి కథ ఆ ఊళ్లో చదువుతుంటే ఒళ్లు జలదరించింది.

కొనడం దగ్గరే అసలు టెన్షన్. ఒక షాపులో గ్లవ్ చూపించి 1990లలో చేసిన సంతకం అన్నారు. అక్షరాలేమో పెద్దవిగా, జోరుగా ఉన్నాయి. అలీకి 1984లో పార్కిన్సన్స్ జబ్బు అని తేలింది. ఆ తర్వాత సంతకం క్రమంగా చిన్నదై, వణుకు కనిపిస్తుంది. పైగా సర్టిఫికెట్ ఇచ్చింది ఆ షాపువాళ్లే! అమ్మేవాడే సాక్షి అయితే ఆ కాగితానికి విలువేముంది? సంతకం అసలుదో కాదో తేల్చే పీఎస్ఏ, జేఎస్ఏ, బెకెట్ లాంటి బయటి సంస్థల పరీక్ష లేకుండా డబ్బు తీయొద్దు. సర్టిఫికెట్ నంబరు వాళ్ల సైట్‌లో సరిచూసుకోండి. 1964కు ముందు తన పాత పేరుతో చేసిన 'కాషియస్ క్లే' సంతకాలు అరుదు, ఖరీదూ ఎక్కువే. వాటి విషయంలో ఇంకా జాగ్రత్త.

కెనస్టోటా న్యూయార్క్ రాష్ట్రంలో చిన్న ఊరు. సిరక్యూస్‌లో దిగి కారు తీసుకోవాలి, దాదాపు 40 కిలోమీటర్లు. ఊళ్లో గదులు తక్కువ, సిరక్యూస్‌లో ఉండటమే మేలు. హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియం చిన్నది, ఒక పూట చాలు. కానీ 1971లో అలీ, ఆయన ప్రత్యర్థి జో ఫ్రేజియర్ తలపడిన న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్ రింగ్ ఇప్పుడు అక్కడే ఉంది. దాని ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. ఛాంపియన్ల పిడికిళ్ల అచ్చులూ ఉన్నాయి. మన చెయ్యి పక్కన పెట్టి చూసుకుంటే తేడా తెలుస్తుంది.

సంతకాలే ముఖ్యమైతే జూన్‌లో జరిగే ఇండక్షన్ వారాంతానికి, అంటే హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి కొత్తవాళ్లను చేర్చుకునే వేడుకకు, వెళ్లండి. పాత ఛాంపియన్లు అభిమానుల మధ్యే తిరుగుతారు, ఆదివారం ఊరేగింపూ ఉంటుంది. కళ్లముందు పెట్టిన సంతకానికి ఏ సర్టిఫికెట్టూ సాటిరాదు. గ్లవ్, మార్కర్ మీరే తీసుకెళ్లండి. ఎర్ర గ్లవ్ మీద నల్ల మార్కర్ బాగా కనిపిస్తుంది.

నేను చివరికి గ్లవ్ కొనలేదు. అలీ ఇస్లాం గురించిన కరపత్రాల మీద ముందే సంతకాలు చేసి, కలిసినవాళ్లకు పంచేవాడు. అలాంటిదొకటి, బయటి సంస్థ పరీక్షించినది, గ్లవ్ కంటే చాలా తక్కువకు దొరికింది. ఆయన వ్యక్తిత్వానికి దగ్గరగా ఉన్న వస్తువు అదేననిపించింది. ఫ్రేమ్‌కు యూవీ కిరణాలను ఆపే గాజు వేయించి, ఎండ పడని గోడకు తగిలించాను.