హాస్టల్‌కు ముందు రాత్రి: హనుమకొండలో కాంటినెంటల్ భోజనం

మా వాడికి వరంగల్ ఎన్ఐటీలో సీటొచ్చింది. చేర్పించడానికి కరీంనగర్ నుంచి నలుగురం బయల్దేరాం: వాడు, మా ఆయన, మా అత్తమ్మ, నేను. హుజూరాబాద్ మీదుగా డెబ్బై కిలోమీటర్ల దారి, పొద్దున వెళ్తే సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చు. కానీ అత్తమ్మకు భద్రకాళి దర్శనం కావాలి. వాడికేమో మెస్ తిండి మొదలయ్యేలోపు ‘ఒక్కసారి మంచి కాంటినెంటల్’ కావాలి. అందుకని ముందురోజే వెళ్లి ఒక రాత్రి హనుమకొండలో ఉన్నాం.

నక్కలగుట్ట వైపు ఒక లాడ్జిలో రెండు రూములు తీసుకున్నాం, ఒక్కోటి 1,800. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, ఏసీ పనిచేసింది. వేడినీళ్లు మాత్రం పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకేనట, ఆ సంగతి పడుకునే ముందు చెప్పారు. రోడ్డువైపు కిటికీ కావడంతో రాత్రి పదకొండు దాకా హారన్లే. మీరు వెళ్తే వెనకవైపు రూము అడగండి, అద్దెలో తేడా లేదు.

మధ్యాహ్నం వేయిస్తంభాల గుడికి వెళ్లాం. 1163లో కాకతి రుద్రదేవుడు కట్టించిన గుడి. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ మూడు గర్భగుళ్లు. నా చిన్నప్పుడు చూసిన కల్యాణమండపం ఆ తర్వాత ఏళ్ల తరబడి విప్పిన రాళ్ల కుప్పగా ఉండిపోయింది. 2024 మహాశివరాత్రికి దాన్ని మళ్లీ తెరిచారు, ఈసారి లోపల నిలబడి చూశాం. భద్రకాళి గుడిలో శాకంబరి ఉత్సవాలు ఆషాఢ పౌర్ణమితోనే అయిపోయాయి. అమ్మవారిని కూరగాయల అలంకారంలో చూడలేకపోయానని అత్తమ్మ చెరువుగట్టు మీద కాసేపు చిన్నబుచ్చుకుంది. వరంగల్ కోటకు వెళ్లలేదు. ఆ నాలుగు తోరణాలను అరగంటలో చూసి ఫొటో దిగి రావడం నాకు నచ్చదు.

ఇక రాత్రి భోజనం. రెస్టారెంట్ పేరు చెప్పను, ఎందుకో బిల్లు దగ్గర తెలుస్తుంది. మొదటి అంతస్తు, పసుపు దీపాలు, గోడ మీద ఈఫిల్ టవర్. మెనూ పద్నాలుగు పేజీలు. అందులో కాంటినెంటల్ మూడే, మిగతావి చైనీస్, తందూరీ, బిర్యానీ. ఇన్ని రకాలు ఒకే వంటగదిలో వండుతున్నారంటే ఫ్రిజ్‌ను నమ్ముకున్నారనే నా అనుమానం.

“కాంటినెంటల్ అంటే ఏందిరా?” అని అత్తమ్మ మనవణ్ని అడిగింది. ఇంగ్లండ్ వాళ్లు సముద్రం అవతల ఉన్న యూరప్‌ను కాంటినెంట్ అంటారని, అక్కడి వంటలకు ఆ పేరు అలా వచ్చిందని వాడు చెప్పాడు. “అయితే మనకు కరీంనగర్ కూడా కాంటినెంటే, మానేరు అవతలుంది” అని మా ఆయన నవ్వాడు.

మా టేబుల్‌కు వచ్చిన పిల్లవాడికి ఇరవై ఏళ్లుంటాయి, నర్సంపేట వైపట. ఆ పూట అక్కడ అన్నిటికంటే మంచి విషయం వాడే. మష్రూమ్ సూప్ చెప్పగానే గొంతు తగ్గించి, “అది ప్యాకెట్‌ది మేడమ్, టమాట సూప్ మా దగ్గరే చేస్తరు” అన్నాడు. వాడి మాట వినాల్సింది. మా ఆయన మష్రూమే కావాలన్నాడు. రెండు తెప్పిస్తే పిండి, ఉప్పు తప్ప ఇంకో రుచి తగల్లేదు.

పాస్తా మెనూలో ‘అల్ఫ్రెడో’ అని ఉంది. రోమ్‌లో పుట్టిన అసలు అల్ఫ్రెడోలో వెన్న, చీజ్ తప్ప ఇంకేం ఉండవు. ఇక్కడ వచ్చింది వెన్నలో మైదా వేయించి పాలు పోసి చేసే వైట్ సాస్. వైట్ సాస్ తప్పేమీ కాదు, బాగా చేస్తే నాకూ ఇష్టమే. కష్టం పాస్తాతో వచ్చింది. పాస్తా చేసేది గట్టి రకం గోధుమ రవ్వతో, పంటికింద కాస్త తగిలేలా ఉన్నప్పుడే దించాలి. ఇది పొద్దున ఉడకబెట్టి నూనె రాసి పెట్టుకున్నదేమో, సాస్‌లో మళ్లీ మరిగేసరికి సేమియా పాయసంలా అయింది. మా వాడు మాత్రం ప్లేటు ఖాళీ చేశాడు. పద్దెనిమిదేళ్ల కడుపు సాక్ష్యం చెల్లదు.

చికెన్ సిజ్లర్ పొగలు కక్కుతూ వచ్చింది. కాలిన ఇనుప పళ్లెం, కింద చెక్క, క్యాబేజీ ఆకు మీద క్యారెట్, బీన్స్, బేబీకార్న్. చుట్టుపక్కల టేబుళ్లవాళ్లంతా తిరిగి చూశారు. అత్తమ్మ కళ్లద్దాలు సవరించుకుని, “శాకంబరి అలంకారం లెక్క మంచిగుంది” అంది. చెరువుగట్టు మీది చిన్నబుచ్చు అక్కడ తీరింది. పొగ తగ్గాక చూస్తే చికెన్ మెత్తగా, మిరియాల సాస్ ఘాటుగా, నిజంగానే బాగుంది. పైన చల్లిన ఎర్ర పొడి పాప్రికా అని పిల్లవాడు చెప్పాడు. కారం తక్కువ, రంగు ఎక్కువ ఉండే మిరప పొడి. ఆ పని మన చపాటా మిర్చి చేయదా? టమాటలా గుండ్రంగా ఉండే ఆ మిర్చికి 2025లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఎనుమాముల మిర్చి మార్కెట్ ఊళ్లోనే పెట్టుకుని డబ్బాలో పాప్రికా కొనడం నాకు విడ్డూరంగా అనిపించింది.

గ్రిల్డ్ ఫిష్ ఏ చేప అని అడిగితే బాసా అన్నాడు. వియత్నాం నుంచి గడ్డకట్టి వచ్చే చేప, ముల్లు లేదు, వాసన లేదు, రుచి కూడా పెద్దగా లేదు. నిమ్మకాయ, వెన్న సాస్ దాన్ని నిలబెట్టాయి. “కొర్రమీనుతో చేయరా?” అన్నాను. “కొర్రమీనైతే పులుసే అడుగుతరు మేడమ్, వెన్నల ఎవరడుగుతరు!” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

అత్తమ్మకు మాంసం లేనిది కావాలి కాబట్టి వెజ్ ఆగ్రాటిన్ చెప్పాం. కూరగాయ ముక్కలు, వైట్ సాస్, పైన చీజ్ వేసి ఓవెన్‌లో ఎర్రగా కాల్చిన గిన్నె. వేలితో అంచు గీకి నోట్లో పెట్టుకుంది. రెండు చెంచాలు తిన్నాక తేల్చేసింది: “గిది మనం సొరకాయల పాలు పోసి వండేదే గదా. పైన జర మాడ్చిండ్రు.” గిన్నె మొత్తం తనే తింది. నన్నడిగితే ఆ రాత్రి మొదటి మార్కు దానికే. అప్పటికప్పుడు కాల్చక తప్పని వంటకం కాబట్టి ఫ్రిజ్ ఆటలు అక్కడ సాగవు.

గార్లిక్ బ్రెడ్, లైమ్ సోడాలతో కలిపి తిన్నది 2,420 రూపాయలు. బిల్లు 2,795 వచ్చింది. చూస్తే పది శాతం సర్వీస్ ఛార్జీ, దాని మీద కూడా జీఎస్టీ. అడగకుండా సర్వీస్ ఛార్జీ వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. ఇది కౌంటర్‌లో చెబితే మేనేజర్ ముందు “సిస్టమ్‌లో వస్తది మేడమ్” అన్నాడు. తీసేయమని నెమ్మదిగా మళ్లీ అన్నాను. రెండు నిమిషాల్లో సిస్టమ్ మారింది, బిల్లు 2,541కి దిగింది. ఈలోగా మా ఆయన సిగ్గుపడి మెట్లు దిగిపోయాడు. అత్తమ్మ మాత్రం కొంగుముడి విప్పి ఒక వంద మడిచి నర్సంపేట పిల్లవాడి చేతిలో పెట్టింది. “నువ్వు తీస్కో బిడ్డా, వాళ్లకియ్యకు” అంది, మేనేజర్‌కు వినపడేలా.

వెళ్లాలనుకుంటే ఏడున్నరలోపు వెళ్లండి. ఎనిమిది దాటితే పుట్టినరోజు కేకులు, స్పీకర్లు మొదలవుతాయి, పక్కనున్నవాళ్ల మాట వినపడదు. పెద్దవాళ్లుంటే ముందే అడగండి, లిఫ్టు లేదు.

మర్నాడు వాణ్ని హాస్టల్లో దింపాం. ఆటో అతను ఇంకా ‘ఆర్ఈసీ’ అనే అన్నాడు, రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ అని, ఎన్ఐటీకి 1959లో మొదలైనప్పటి పేరు. ఆదివారం ఫోన్ చేసి మెస్‌లో పాస్తా పెట్టారని, బాగాలేదని వాడు మొరపెట్టుకుంటుంటే అత్తమ్మ వంటింట్లో ఉంది. సొరకాయ పాలు పోసి వండి, చిన్న మంట మీద అడుగు ఎర్రబడేదాకా మూతపెట్టి వదిలేసింది.

“కాంటినెంటల్ అయింది, రాండ్రి” అని పిలిచింది.