మండువా ఇంటి ఫోటోలకి లైట్‌రూమ్ హెచ్‌డీఆర్ మెర్జ్ వాడి చూశా

అమలాపురం దగ్గర మా బాబాయి వాళ్ళది పాత మండువా ఇల్లు, వచ్చే ఏడాది విప్పేసి శ్లాబు వేస్తారంట, అందుకని ఈ సంక్రాంతికి వెళ్ళినప్పుడు ప్రతి గదీ ఫోటో తీసేశా. అక్కడ కష్టం ఏంటంటే మధ్యలో మండువా మీద ఆకాశం, చుట్టూ వసారా, వెనక గదులు పట్టపగలే చీకటి, ఒక్క ఫోటోలో రెండూ రావు, మండువా కనపడితే గదులు నలుపు, గదులు కనపడితే మండువా అంతా తెలుపు. అందుకే ఫోటోలు సరిచేసే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో హెచ్‌డీఆర్ మెర్జ్ వాడా, అంటే వేర్వేరు వెలుగుతో తీసిన ఫోటోలని ఒక్కటిగా కలిపేది.

ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, మిగతా సెట్టింగులు కదపకుండా లెన్స్ ఎఫ్ 8, ఐఎస్‌ఓ 100, షట్టర్ వేగం ఒక్కటే మారుస్తూ రెండేసి స్టాపుల తేడాతో (అంటే ఒక్కోదానికి వెలుగు నాలుగు రెట్లు తేడా) ఐదు రా ఫోటోలు (కెమెరా ఏమీ సరిచేయకుండా ఇచ్చే ఫైళ్ళు) తీశా. లైట్‌రూమ్‌లో ఐదూ సెలెక్ట్ చేసి కంట్రోల్ హెచ్ కొడితే కలిపేస్తది. 2015లో లైట్‌రూమ్ 6తో వచ్చిన ఫీచరే ఇది. దూలాల మీద ఉలి గాట్లు, మండువాలో గచ్చు మీద తడి, రెండూ ఒకే ఫోటోలో కనపడ్డాయి, నిజంగా చాలా సంతోషమేసింది. వచ్చే ఫైలు డీఎన్‌జీ (ఇదీ రా లాంటిదే) కాబట్టి కలిపాక కూడా వైట్ బ్యాలెన్స్, అంటే ఫోటో పసుపు, నీలం వైపు పోకుండా సరిచేసేది, మార్చుకోవచ్చు, నాకు బాగా నచ్చింది ఇదే. ఫ్యాన్లు ముందే ఆపేయండి, గాలికి ఊగే క్యాలెండర్ లాంటివాటికి డీఘోస్ట్ (కదిలినవాటి మసక తీసేది) ‘Low’ అని పెడితే చాలు.

కానీ మెర్జ్ సరిచేసేది వెలుగు చీకట్లనే, రంగుని కాదు. మొదటి రోజు లైట్లన్నీ వేసి తీశా, 2700 కెల్విన్ బల్బు (పసుపు వెలుగుది) ఒకవైపు, మండువా వెలుగు ఇంకోవైపు, టేకు స్తంభం సగం పసుపు సగం నీలం వచ్చింది. పసుపు తగ్గిస్తే అటువైపు ఇంకా నీలం. రెండో రోజు స్విచ్చులన్నీ ఆపేసి, ఎండ లోపల పడకముందే పొద్దున్నే తీస్తే సగం పని అక్కడే అయిపోయింది. వంటింట్లో మాత్రం ట్యూబ్‌లైట్ తప్పదు, దానికి తలుపు మూసి విడిగా తీశా. మిగిలిన కొద్దిపాటి తేడా బ్రష్‌తో టెంప్ (పసుపు-నీలం స్లైడర్) మార్చి సర్దుకోవచ్చు.

ఇంకోటి, తెల్లగోడ మీద ఐడ్రాపర్ (రంగు లేని చోటు ఇదీ అని సాఫ్ట్‌వేర్‌కి చూపించే టూల్) పెట్టొద్దు. మా వాళ్ళు సున్నంలో నీలిమందు కలుపుతారు, అది తెలుపు అనుకుని క్లిక్ చేస్తే గదంతా పసుపెక్కిపోద్ది, గ్రే కార్డ్ (రంగు సరిచూసుకునే బూడిదరంగు అట్ట) పెట్టి తీసుకోండి. షాడోస్ స్లైడర్ (చీకటి భాగాలని వెలిగించేది) కూడా పూర్తిగా లాగకండి, ఆ గదులు ఎప్పుడూ చీకటిగానే ఉండేవి, ట్యూబ్‌లైట్ షోరూమ్‌లా చేస్తే అది మా ఇల్లు కాదు.

ఇంటి ఫోటోలకైతే లైట్‌రూమ్ ఉన్నవాళ్ళు వేరే హెచ్‌డీఆర్ సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు అని నా అభిప్రాయం. దేవుడి గూట్లో దీపం ఒక్కటే ఆర్పలేదు, దాని పసుపు అలాగే ఉంచేశా, గూడు పైన నాయనమ్మ పెట్టిన దీపాల మసి కూడా స్పష్టంగా వచ్చింది, ఆ ఫోటోనే పెద్ద సైజు ప్రింట్‌కి ఇచ్చా.